పెన్‌డ్రైవ్ లాగే ముందు

శ్రోతలకు నమస్కారం.

కంప్యూటర్‌కి పెట్టిన పెన్‌డ్రైవ్‌ని బయటికి తీసే ముందు, తీసేస్తున్నానని కంప్యూటర్‌కి చెప్పే "ఎజెక్ట్" నొక్కాలా, అక్కర్లేదా? చాలామంది నొక్కరు. పని అయిపోగానే పట్టుకుని లాగేస్తారు. వందసార్లు లాగినా ఏమీ కాలేదు కాబట్టి అదంతా ఉత్త చాదస్తం అనుకుంటారు. కొన్నేళ్ల క్రితం వరకు నేనూ అలాగే అనుకున్నాను.

మా మేనత్త మంచి పాటగత్తె. పెళ్లిపాటలు, జోలపాటలు ఆవిడ నోట వింటే కదలబుద్ధి అయ్యేది కాదు. వాటిలో పదకొండు పాటలు ఫోన్‌లో రికార్డు చేసి ల్యాప్‌టాప్‌లో దాచుకున్నాను. ఒకరోజు ల్యాప్‌టాప్‌లో జాగా చాలడం లేదని, ఆ పాటల్ని కట్ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేశాను. పని ఎంతవరకు అయిందో తెరమీద చూపించే గీత చివరిదాకా నిండింది. అయిపోయిందనుకుని వెంటనే లాగేశాను. మర్నాడు తెరిచి చూస్తే పదకొండు పేర్లూ ఉన్నాయి. ఏడు పాటలు పలికాయి. మిగిలిన నాలుగింటి పక్కన సైజు సున్నా అని ఉంది. కాపీ కాదు, కట్ చేశాను కాబట్టి ల్యాప్‌టాప్‌లోనూ లేవు. మళ్లీ పాడించుకుందామంటే అప్పటికి అత్తయ్య లేదు.

గీత నిండినా పాటలు ఎందుకు చేరలేదు? ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్, అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపించే ఒక వ్యవస్థ. కంప్యూటర్‌లోని ర్యామ్, అంటే పని జరిగేటప్పుడు వాడే తాత్కాలిక మెమరీ, చాలా వేగంగా పనిచేస్తుంది, పెన్‌డ్రైవ్ దానిముందు బాగా నిదానం. అందుకని మనం ఇచ్చిన ఫైలును కంప్యూటర్ మొదట ర్యామ్‌లోకి తీసుకుని, ఆ తర్వాత తీరిక చూసుకుని పెన్‌డ్రైవ్‌లోకి దింపుతుంది. దీన్నే రైట్ క్యాషింగ్ అంటారు. లినక్స్‌లో మామూలుగా ఒక సమాచారం ఇలా 30 సెకన్ల దాకా ర్యామ్‌లోనే ఆగి ఉండొచ్చు, ఫైళ్లు పెద్దవైతే అంతా దిగడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. తెరమీద నిండిన గీత చెప్పేది చాలాసార్లు ర్యామ్‌లోకి ఎంత చేరిందన్న లెక్కే. పెన్‌డ్రైవ్‌లోకి దిగాల్సింది ఇంకా బాకీ ఉంటుంది.

ఎజెక్ట్ నొక్కితే జరిగేది ఆ బాకీ తీర్చడమే. ర్యామ్‌లో మిగిలినదంతా దింపేస్తుంది, ఆ డ్రైవ్‌ని వాడుతున్న ప్రోగ్రాములు ఇంకేవైనా ఉన్నాయేమో చూస్తుంది, అన్నీ ముగిశాకే ఇక తీసుకోవచ్చని చెబుతుంది.

విండోస్ వాడేవాళ్ల సంగతి కొంచెం వేరు. 2018 అక్టోబరు అప్‌డేట్‌లో, అంటే విండోస్ 10లో 1809 అనే వెర్షన్‌లో, మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతి మార్చింది. అప్పటినుంచి బయటి డ్రైవ్‌లకు "క్విక్ రిమూవల్" అన్నదే మామూలు సెట్టింగ్. అందులో విండోస్ రాతను తన దగ్గర ఆపుకోదు, వెంటనే దింపేస్తుంది. కాబట్టి కాపీ పూర్తయ్యాక ఎజెక్ట్ నొక్కకుండా తీసినా సాధారణంగా ఫర్వాలేదు. ఎజెక్ట్ అనవసరం అనేవాళ్ల మాటలో నిజం ఉన్నది ఇక్కడే. కానీ ఎవరైనా ఆ సెట్టింగ్‌ని "బెటర్ పెర్ఫార్మెన్స్"కి మార్చి ఉంటే మళ్లీ ఆ పాత ప్రమాదమే. మనం కూర్చున్న కంప్యూటర్ ప్రతిసారీ మనదే కాదు కదా, అందులో ఏ సెట్టింగ్ ఉందో మనకేం తెలుస్తుంది? మ్యాక్‌లో అయితే ఎజెక్ట్ చేయకుండా లాగిన వెంటనే, డిస్క్‌ని సరిగా ఎజెక్ట్ చేయలేదన్న హెచ్చరిక తెరమీద కనిపిస్తుంది.

కరెంటు పరంగా భయం లేదు. మామూలు వెడల్పాటి పెన్‌డ్రైవ్ ప్లగ్గు లోపలికి చూస్తే నాలుగు లోహపు పట్టీలు కనిపిస్తాయి. రెండు చివర్లవీ కరెంటువి, మధ్యలో ఉన్న రెండూ సమాచారానివి. చివరివి కాస్త పొడుగ్గా ఉంటాయి. పెట్టేటప్పుడు ముందు కరెంటు అందాలి, తీసేటప్పుడు చివర్లో తెగాలి, అందుకే అలా చేశారు. నడుస్తున్న కంప్యూటర్‌కి పెట్టడానికి, తీయడానికి వీలుగా తయారైన వస్తువే ఇది.

ప్రమాదమల్లా సగంలో ఆగిన రాతతోనే. పెన్‌డ్రైవ్‌లో ఏ ఫైలు ఎక్కడ మొదలై ఎక్కడెక్కడ ఉందో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. ఆ పట్టికను దిద్దుతుండగా లాగేస్తే, ఆ క్షణంలో రాస్తున్న ఫైలే కాదు, ఎప్పుడో పెట్టుకున్న పాత ఫోల్డర్లు కూడా కనిపించకుండా పోవచ్చు. పెన్‌డ్రైవ్‌లలో ఎక్కువగా వాడే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతుల్లో, చేయబోయే మార్పును ముందే రాసి పెట్టుకునే చిట్టా ఉండదు, అందుకే సగంలో ఆగిన మార్పును సరిచేసుకోవడం కష్టం. తిరిగి పెట్టినప్పుడు "స్కాన్ చేసి సరిచేయండి" అని విండోస్ అడగడం మీరు చూసే ఉంటారు. కిందటిసారి పని సరిగా ముగియలేదన్న గుర్తు ఆ డ్రైవ్‌లో మిగిలిపోయినప్పుడు అలా అడుగుతుంది.

అందుకే నేను ఒక తేడా చూసుకుంటాను. పెన్‌డ్రైవ్‌లోంచి ఏదో కాపీ చేసుకున్నానంతే, దానిలో ఏమీ రాయలేదు, తెరిచిన ఫైలు కూడా మూసేశాను అంటే లాగినా నాకు టెన్షన్ లేదు. దానిలోకి ఒక్క అక్షరం రాసినా ఎజెక్ట్ చేస్తాను. పెన్‌డ్రైవ్‌లోనే ఉన్న డాక్యుమెంట్‌ని తెరిచి దిద్దుతుంటే అది రాయడం కిందే లెక్క. లోపల పళ్లెం తిరిగే హార్డ్‌డిస్క్ అయితే మాత్రం రాసినా రాయకపోయినా ఎజెక్ట్ చేయాల్సిందే. పళ్లేలు తిరుగుతుండగా కుదుపు తగిలితే డిస్కే పాడైపోవచ్చు. ఇంకొకటి, పోతే మళ్లీ దొరకనివాటిని ఎప్పుడూ కట్ చేయకండి. కాపీ చేయండి, పెన్‌డ్రైవ్‌ని ఎజెక్ట్ చేసి, మళ్లీ పెట్టి, ఫైళ్లు తెరిచి చూసుకోండి. ఆ తర్వాతే పాతవి చెరపండి.

ఎజెక్ట్ నొక్కితే "ఇంకా వాడకంలో ఉంది" అని మొరాయిస్తుందా? చిరాకుపడి లాగేయకండి. ఎక్కడో ఒక ఫైలు తెరిచి ఉంటుంది, లేదా వైరస్ స్కాన్ నడుస్తూ ఉంటుంది. తెరిచినవన్నీ మూసి, ఒక నిమిషం ఆగి మళ్లీ నొక్కండి. అప్పటికీ వినకపోతే కంప్యూటర్‌ని షట్‌డౌన్ చేసి, పూర్తిగా ఆగిపోయాక తీసుకోండి. స్లీప్‌లో పెట్టి తీయకండి, అప్పటికి దాని పని ముగిసి ఉండకపోవచ్చు.

నమస్కారం.