పాత మంచం పట్టెతో చేతికర్ర: గరాజ్‌లో నా వీకెండ్

హాయ్ అండీ, ఈ వీకెండ్ అంతా గరాజ్‌లోనే మకాం. పక్కింటివాళ్లు పాత మంచం పారేస్తుంటే ఒక పట్టె అడిగి తెచ్చుకున్నాను. యాష్ చెక్క, బాగా ఆరింది. మా దగ్గరికి వచ్చి ఉన్న మామయ్యగారికి దీంతో చేతికర్ర చేస్తున్నా. "కొనేస్తే అయిపోయేది కదా" అంటోంది చూడండి, కెమెరా పట్టుకున్నావిడ.

పాత చెక్క దొరికితే ముందు అయస్కాంతం తిప్పండి. లోపల విరిగిన మేకు ఉంటే ఉలి మొన పోతుంది, ముక్క ఎగిరి మొహానికీ తగలొచ్చు. ఆరుబయట వాడిన, మందు పట్టించిన చెక్కల జోలికి మాత్రం వెళ్లకండి. పాతవాటిలో ఆర్సెనిక్ అనే విషం ఉండొచ్చు, ఆ పొడి పీల్చకూడదు.

ఇదిగో, పట్టె పక్కవైపు మీదున్న ఈ చెక్కనార గీతలు చూడండి. ఈ చివర నుంచి ఆ చివరకి తిన్నగా వెళ్తున్నాయి కదా? మధ్యలో పక్కకి జారిపోయాయంటే, బరువు పడినప్పుడు కర్ర చీలేది సరిగ్గా అక్కడే. అందుకే పిడి కింది పొడుగు భాగం ఒకే ముక్క, ఒకే చెక్క. రంగురంగుల చెక్క రింగుల సరదా అంతా పిడి కింద నాలుగు వేళ్ల మేరే. అక్కడ కూడా రింగులకి నడిమధ్య బెజ్జం వేసి, మరలున్న స్టీలు రాడ్ దించి, ఎపాక్సీతో అతికించాను. బరువు మోసేది ఆ రాడ్డే.

రింగులకి పడౌక్, మేపుల్, పర్పుల్‌హార్ట్ చెక్కల తుంపులు వాడాను. పడౌక్ మన ఎర్రచందనం, వేగిస చెట్ల జాతిదే. పర్పుల్‌హార్ట్‌ని కోయగానే మట్టిరంగులో ఉంటే మా పాప "ఇదా పర్పుల్?" అని వెక్కిరించింది. గాలీ వెలుతురూ తగిలాక ఊదా రంగు తేలుతుంది, ఏళ్లు గడిస్తే మళ్లీ గోధుమరంగుకి తిరుగుతుంది. కోకోబోలో అనే చెక్క కూడా చాలా అందం, మన జిట్రేగికి దగ్గర చుట్టం. కానీ దాని పొడి కొందరికి ఒళ్లంతా దద్దుర్లు తెప్పిస్తుంది. పైగా 2017 నుంచి ఆ జాతి మొత్తం సైటీస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది, దేశం దాటించాలంటే నిబంధనలు చూసుకోవాలి. వద్దనుకున్నా.

ఇక లేత్, అంటే చెక్కని గిర్రున తిప్పే మెషీను. గ్లవ్స్ వద్దు, పొడుగు చేతుల చొక్కా వద్దు, మొహానికి షీల్డ్ తప్పదు. రఫింగ్ గౌజ్ అనే పెద్ద దోనె ఉలితో పలకలు పోయి గుండ్రమయ్యేదాకా స్పీడ్ తక్కువే. అసలు టెన్షన్ కర్ర సన్నబడ్డాక మొదలవుతుంది. నడుమ దగ్గర చెక్క ఉలికి లొంగకుండా వెనక్కి వంగి ఊగుతుంది. విన్నారా ఆ కటకట? చెక్క మీద మెలికలు తిరిగిన గీతలు పడుతున్నాయి. గట్టిగా నొక్కితే ఇంకా ఎక్కువవుతుంది. కర్ర ఊగకుండా పట్టే స్టెడీ రెస్ట్ చక్రాలు వెనక ఆనించి, ఉలి మళ్లీ నూరి, పైపైన చెక్కుతున్నా. ఇప్పుడు పొట్టు రిబ్బన్లలా లేస్తోంది.

ఉప్పు కాగితం పట్టేటప్పుడు పడౌక్ ఎర్రపొడి పక్కనున్న తెల్ల మేపుల్‌లోకి ఇంకిపోతుంది. ముందే తెల్ల రింగుకి షెల్లాక్ (లక్కతో చేసే వార్నిష్) పూత వేసి, పొడిని తుడవకుండా గాలితో ఊదేయాలి. తడిగుడ్డ పెట్టారో, అంతా గులాబీ రంగే.

పిడి గుండులా తిప్పితే చూడముచ్చటగా ఉంటుంది కానీ, ఒళ్లు మోపి నడిచేవాళ్లకి అరచెయ్యి నొప్పి. మామయ్యగారిది షికారు నడకే కాబట్టి గుండే పెట్టాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకైతే అడ్డపిడి చేయండి.

నూనె పూత పూసిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే అంటుకోవచ్చు. విప్పి ఆరేయండి.

పొడవు చివర్లో కోస్తాను. మామయ్యగారూ, ఒక్కసారి బూట్లు వేసుకుని ఇలా నిటారుగా నిలబడండి. చెయ్యి వదిలేయండి, బిగించకండి. మణికట్టు మడత నుంచి నేల దాకా కొలిచి, రబ్బరు తొడుగు మందం తీసేస్తే మన కొలత. "ఒక అర అంగుళం ఎక్కువే ఉంచు, తర్వాత తగ్గించుకోవచ్చు" అంటున్నారు. సరే అండీ, అలాగే!