కాలువ గట్టు మీదుగా కొల్లేటికి

శ్రోతలకు నమస్కారం.

తారు రోడ్డు వదిలేసి కంకర మీద, ఎర్రమట్టి మీద, గట్ల మీద సైకిలు తొక్కుతూ పగలంతా గడిపే సరదా ఒకటి ఈమధ్య ప్రపంచమంతా పాకింది. దాన్ని గ్రావెల్ బైకింగ్ అంటున్నారు. 2022లో ఇటలీలోని వెనెతో ప్రాంతంలో దీనికి మొదటి ప్రపంచ పోటీలు కూడా జరిగాయి. ఈ సైకిలుకు రేసు సైకిలులాగే వంపు హ్యాండిల్ ఉంటుంది కానీ టైరు లావు, చాలావాటికి 40 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. షోరూములో ఈ కొలత గొప్పగా చెబుతారు. నిజానికి వెనక పాలక్యాన్లు కట్టుకుని తెల్లవారుజామున ఊళ్ళోకి వచ్చే 28 ఇంచుల నల్ల సైకిలు టైరు వెడల్పూ ఇంచుమించు అంతే. గ్రావెల్ అన్నమాట మాత్రం మనకెందుకు కొత్త? మా ఊరి రోడ్డుకు గ్రావెల్ తోలించమని సర్పంచిని ఎన్నిసార్లు అడగలేదు!

అలాంటి సైకిలు మీద ఏలూరు నుంచి కొల్లేరు ఎలా చూడొచ్చో చెబుతాను. ఆ ఏరియాలో తొక్కేవాణ్ణి కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

కొల్లేరు చుట్టూ ఒక రౌండు కొట్టి వద్దామని చాలామంది అడుగుతుంటారు. చెరువుకైతే గట్టు ఉంటుంది, చుట్టి రావచ్చు. కొల్లేటికి ఒడ్డు ఎక్కడ? అటు కృష్ణ, ఇటు గోదావరి వేల ఏళ్ళుగా ఒండ్రు పోసి డెల్టాలు కట్టుకుంటూ పోతే మధ్యలో మిగిలిన పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీళ్ళు అందులో చేరి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. నీటిమట్టం సముద్రానికి 5 అడుగుల ఎత్తున ఉంటే సరస్సు 308 చదరపు కిలోమీటర్లు. అదే 10 అడుగులకు పెరిగితే 901. ఐదడుగుల తేడాకు సరస్సు దాదాపు మూడింతలు! అక్కడి జనం కూడా ఒడ్డు అనరు, ఐదో కాంటూరు అంటారు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన గీత. 1999లో అభయారణ్యంగా ప్రకటించింది ఆ ఐదో కాంటూరు లోపలి భాగాన్నే. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సార్ జాబితాలోకి ఎక్కింది. మరి రౌండు కొట్టేది ఏ కాంటూరు చుట్టూ?

అందుకే ఆ ఆలోచన మానుకోమంటాను. కాలువ గట్టు పట్టుకుని వెళ్ళండి, కొల్లేటిలోకి దిగండి, వీలైతే ఇంకో గట్టు పట్టుకుని బయటపడండి. ఇక్కడ సైకిలుకు అసలైన దారులు కాలువలవే.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, బెజవాడది 1855లో. ఆనకట్టల వెంట తవ్విన కాలువలు పొలాలకు నీళ్ళు పారించడంతో సరిపెట్టుకోలేదు, పడవలకు దారులు కూడా అయ్యాయి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. లాగేవాడికి అడ్డం ఉండకూడదు, ఎత్తుపల్లాలు ఉండకూడదు కాబట్టి గట్టును నడిచే బాటగా చదును చేశారు. లారీలు వచ్చాక పడవలు పోయాయి, బాట మాత్రం మిగిలింది. కాలువ వాలు కిలోమీటరుకు జానెడు ఉంటే ఎక్కువ. దాంతో గట్టు మీద ఎంతసేపు తొక్కినా ఎక్కుతున్నామో దిగుతున్నామో కాళ్ళకు తెలియదు. లాకుల దగ్గర నీరు ఒక్కసారిగా కొన్ని అడుగులు కిందికి దిగుతుంది చూడండి, అక్కడొక్కచోట మీకూ చిన్న దింపుడు దొరుకుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు అదే ఎక్కుడు. మన గ్రావెల్ బైకింగ్‌లో కొండలంటే ఇవే!

విజయవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువ, విజ్జేశ్వరం నుంచి వచ్చే గోదావరి కాలువ ఏలూరులో కలుస్తాయి. రెండూ కలిపి 139 కిలోమీటర్లు. విజయవాడవాళ్ళు బయలుదేరిన కాసేపటికే ఎనికేపాడు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అక్కడ బుడమేరు కాలువ అడుగునుంచి అండర్ టన్నెల్‌లో దాటుతుంది. పైన కృష్ణ నీళ్ళు ఒక దిక్కుకు, కింద కొండవాగుల నీళ్ళు ఇంకో దిక్కుకు. మీరు సైకిలు మీద కొల్లేటికి పోతుంటే ఆ కిందివీ అక్కడికే పోతున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో పేటలకు పేటలు మునిగాయి కదా. ఆ నీరు కిందికి దిగి కొల్లేరు పొంగితే చినఎడ్లగాడి దగ్గర ఏలూరు - కైకలూరు రోడ్డు మీదికి వచ్చేసింది, రాకపోకలు ఆగిపోయాయి.

గట్లన్నీ ఒకేలా ఉంటాయనుకోవద్దు. కొన్నిచోట్ల మెట్టనుంచి తెచ్చిన ఎర్ర గ్రావెల్ పరిచి రోలరు తిప్పారు, హాయిగా పోవచ్చు. కొన్నిచోట్ల సిమెంటు రోడ్డే వేసేశారు, సైకిలువాడికి అది నిరాశే. మరికొన్నిచోట్ల ఇళ్ళు, పశువుల పాకలు, గడ్డివాములు గట్టును ఆక్రమించాయి, దిగి నడిపించుకుంటూ పోవాలి. తూముల దగ్గర లస్కరు, అంటే కాలువను కనిపెట్టుకుని ఉండే మనిషి, కనిపిస్తే పలకరించండి. ముందు ఎక్కడ గట్టు కోసుకుపోయిందో, ఎక్కడ మట్టిపని జరుగుతోందో ఆయనకు తెలిసినట్టు ఫోనులోని మ్యాపుకు తెలియదు.

మ్యాపు సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఏలూరు నుంచి కైకలూరు పాతిక ముప్పై కిలోమీటర్లు ఉంటుంది, ఆ రోడ్డు కొల్లేటిని మధ్యగా చీల్చుకుంటూ పోతుంది. శాటిలైట్ బొమ్మలో దానికి రెండు పక్కలా గళ్ళ చీరలాగా చేపల చెరువుల గట్లు కనిపిస్తాయి. ఇంకేం, వాటిమీద పడి పోదామనిపిస్తుంది. కానీ 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లను యంత్రాలు పెట్టి తెంచేశారు. పైనుంచి గీతలా కనిపించే గట్టు తీరా వెళితే మధ్యలో తెగి ఉంటుంది, అవతలి ముక్కకు మధ్య నడుంలోతు నీళ్ళు, వాటిమీద గుర్రపుడెక్క. కాంటూరు బయట ఉన్నవి ప్రైవేటు చెరువులు, అడక్కుండా గట్టెక్కితే బాగుండదు. కాపలా పాక దగ్గర సైకిలు దిగి అడిగితే చాలు.

"ఈ గట్టు మీద పోతే లంక తగుల్తుందాండీ?"

"పోదండి. అవతల పైపుకోసం గట్టు కోసేశారు. ఎనక్కి తిరిగి, ఆ తాటిచెట్ల కాడ కుడిపక్కకు దిగండి. కుక్క ఏం చెయ్యదులెండి, మీరు పరుగెత్తకండి."

ఆ కుక్క విషయంలో ఆయన మాట నమ్మడమా మానడమా అనేది మీ ఇష్టం.

పొద్దున ఏడింటికి ఆ గట్ల మీద ఉంటే మేత కట్టడం చూడొచ్చు. చెరువు పొడవునా వెదురుగడలు పాతి ఉంటాయి. ఒక మనిషి పడవలో తవుడు బస్తాలు వేసుకుని, గడ గడ దగ్గరా ఆగి ఒక్కో సంచి నీళ్ళలోకి వేలాడేలా కట్టుకుంటూ పోతాడు. సంచి అడుగున చిల్లులు పొడిచి ఉంటాయి. రెండు నిమిషాలు తిరక్కుండా సంచి చుట్టూ నీళ్ళు కుతకుతలాడతాయి. శీలావతులు, బొచ్చెలు మూతి ఆనించి తవుడు లాగుతుంటాయి. చుట్టూ కొంగలు కాచుకుని ఉంటాయి గానీ, అంత చేప వాటి గొంతు దిగదు.

పక్షుల కోసమే వెళ్ళేవారికి కైకలూరు పక్కనే ఉన్న ఆటపాక ఉంది. గూడబాతులు, అంటే పెలికాన్లు, వందల్లో అక్కడ గూళ్ళు పెడతాయి. చెట్లు చాలక నీళ్ళలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. వాటి మీద కూడా పుల్లలు పేర్చుకుని కాపురాలు పెట్టేశాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి రోజులు. పొద్దున్నే మంచు దట్టంగా పడుతుంది, ఐసు పెట్టెలతో చేపల లారీలు దాని మధ్యలోంచే దూసుకొస్తాయి, కాబట్టి సైకిలుకు ముందూ వెనకా లైటు లేకుండా రోడ్డెక్కొద్దు.

జూన్ నుంచి అక్టోబరు దాకా మాత్రం వద్దు. ఇక్కడిది నల్లరేగడి. ఒక్క వాన పడితే టైరుకు అంటుకుని, దానిమీద గడ్డి అంటుకుని, ఫోర్కు సందులో పిడచ కట్టి చక్రం ఆగిపోతుంది. తాటిమట్ట ముక్కతో గీకి పది గజాలు పోతే మళ్ళీ మొదలు. భుజాన వేసుకుందామంటే సైకిలు రెట్టింపు బరువు. అదే మట్టి ఎండితే ట్రాక్టరు గాడులు రాయిలా గట్టిపడతాయి, చక్రం గాడిలో పడితే బయటికి తియ్యడం కష్టం. సర్కారు తుమ్మ ముళ్ళు, చెరువు గట్ల మీద నత్తగుల్లల పెంకులు సరేసరి. ట్యూబులు రెండు పెట్టుకోండి. నీళ్ళు కూడా ఎక్కువే పట్టుకెళ్ళండి, లంక గ్రామాలవాళ్ళే తాగడానికి క్యాన్లు కొనుక్కుంటున్నారు.

చదును నేలలో అలుపంతా గాలివల్లే. మాఘం వెళ్ళాక మధ్యాహ్నం దాటితే సముద్రం మీదనుంచి పైరగాలి లేస్తుంది. అది ఆగ్నేయం నుంచి వస్తుంది, ఏలూరేమో కైకలూరుకు వాయవ్యంగా ఉంది. పొద్దున గాలి లేనప్పుడు కైకలూరు వైపు తొక్కి, భోజనం చేసి, మూడింటికి తిరుగుముఖం పడితే గాలి వీపున చెయ్యి పెట్టి నెడుతుంది. ఇది తిరగేసి ప్లాన్ చేసుకుంటే చుక్కలు కనిపిస్తాయి.

ఓపిక ఉన్నవాళ్ళు కైకలూరు నుంచి వెనక్కి రాకుండా ఆకివీడు వైపు పోవచ్చు. దారిలో ఉప్పుటేరు దాటాలి. ఒకప్పుడు కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాలకు సరిహద్దు అదే. కొల్లేటి నీళ్ళన్నిటికీ అదొక్కటే బయటి దారి. 60 కిలోమీటర్లకు పైగా మెలికలు తిరిగి సముద్రంలో కలుస్తుంది, ఎదురు పోటులో ఉప్పునీరు అదే దారిన పైకి ఎగబాకుతుంది. ఆకివీడు నుంచి నిడమర్రు, భీమడోలు మీదుగా ఏలూరు చేరితే మొత్తం సరస్సును ఒకరకంగా చుట్టినట్టే, కానీ అందులో సగం తారు రోడ్డే, లారీల టెన్షన్ వేరే. మొదటిసారైతే ఆటపాక దాకా వెళ్ళి రండి చాలు. తిరుగు ప్రయాణానికి కాళ్ళు మొరాయిస్తే గుడివాడ - భీమవరం రైలు మార్గం మీద కైకలూరు స్టేషను ఉంది. ఏలూరుకు నేరుగా బస్సులు కూడా ఉన్నాయి. సైకిలు ఎక్కించుకుంటారా లేదా అన్నది కండక్టరును మంచిమాటలతో అడిగి తేల్చుకోవాలి.

సెలవు, నమస్కారం.