పని చేసిన మర్నాడు ఎట్లుంది: లాంగ్ కోవిడ్ రోగులను ఊళ్లోనే చూసుకోవడం

ఆశ అక్కలకు, ఏఎన్ఎం సిస్టర్లకు, పల్లె దవాఖాన డాక్టర్లకు నమస్తే.

"కరోనా పోయి ఎన్నేండ్లాయె, ఇంకా దాని ముచ్చటేంది?" అని మిమ్మల్ని ఊళ్లో అడుగుతారు. సోకిన ప్రతి 100 మందిలో ఇంచుమించు ఆరుగురికి లాంగ్ కోవిడ్ (కరోనా తగ్గినా నెలల తరబడి వదలని లక్షణాలు) వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశపు సర్వేల అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు. కొందరు ఆస్పత్రిలో చేరినవాళ్లనే లెక్కగట్టారు, కొందరు ఫోన్‌లో అడిగి రాసుకున్నారు. అందుకే మండలానికి ఇంతమంది అని ఇక్కడ చెప్పడం లేదు.

2021 అక్టోబర్‌లో ఆ సంస్థ ఇచ్చిన నిర్వచనం ప్రకారం, జబ్బు మొదలైన 3 నెలల తర్వాత కూడా లక్షణాలు కనిపించాలి, కనీసం 2 నెలలు సాగాలి, వాటికి వేరే కారణం దొరకకూడదు. టెస్టు రిపోర్టు ఉండి తీరాలని లేదు. సెకండ్ వేవ్‌లో టెస్టు చేయించుకోకుండానే ఇంట్లో పడుకున్నవాళ్లు ఎందరో. రిపోర్టు లేదని వాళ్లను వాపసు పంపకండి.

మనకు చిక్కంతా "వేరే కారణం" దగ్గరే. నీరసం, దమ్ము అని వచ్చిన ఆడమనిషికి రక్తం తక్కువుండొచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15–49 ఏండ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. రెండు వారాలు దాటిన దగ్గుంటే ముందు టీబీ కోసం తెమడ పరీక్ష. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, ఎక్స్‌రే, ఈసీజీ చూడకుండా లాంగ్ కోవిడ్ అని రాయొద్దు. అట్లని రక్తం తక్కువుందని తేలగానే ఐరన్ గోలీలిచ్చి ఊరుకోవద్దు. రెండూ కలిసి ఉండొచ్చు.

లక్షణాల జాబితా 200 దాటుతుంది. మీకు వినిపించేవి మాత్రం కొన్నే: "పెయ్యంత నొప్పులు", "మెట్లెక్కితే దమ్మొస్తుంది", "ఏం చెప్పిన్రో యాదికుంటలేదు", "నిలబడితే కండ్లు తిరుగుతున్నయ్". వీటన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: పని చేసిన మర్నాడు, ఎల్లుండి ఎట్లుంది? పత్తి ఏరిన రోజు బాగానే ఉండి, 12 నుంచి 72 గంటల్లోపు మంచం పడితే అది మామూలు బలహీనత కాదు. ఇట్లాంటివాళ్లకు "రోజూ కొంచెం ఎక్కువ నడువు, బలమొస్తది" అని చెప్తే జబ్బు ముదురుతుంది. మంచి మనసుతో చేసే ఈ తప్పే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

వాళ్లకు పని కొలత పెట్టాలి. ఎంత పని చేస్తే వరుసగా మూడు రోజులు మర్నాడు ఇబ్బంది రావట్లేదో కనుక్కోండి. అది అన్నం వండటం, 10 నిమిషాల నడక వరకే కావచ్చు. అక్కడే కనీసం 7 రోజులు ఆగి, బాగుంటేనే కొంచెం పెంచాలి. దెబ్బతింటే ముందటి మెట్టుకు దిగాలి. కూలి మనిషికి విశ్రాంతి అనడం తేలిక, దొరకడం కష్టం. కాబట్టి పనే మార్చాలి: నాట్లకు బదులు కూర్చుని చేసే పని, ఉపాధి పనిలో నీళ్లందించే పని మేట్‌ను అడిగి ఇప్పించడం, కూరగాయలు స్టూలు మీద కూర్చుని కోయడం. బీడీలు చుట్టడం కూర్చునే పనే అయినా, దమ్మున్నవాళ్లకు పొగాకు దుమ్ము పడదు. మిర్చి ఘాటూ అంతే.

ఆయాసం ఉన్నవాళ్లకు ఒక నిమిషం కుర్చీ పరీక్ష చేయండి. చేతుల్లేని కుర్చీని గోడకానించి, చేతులు వాడకుండా నిమిషం సేపు లేచి కూర్చోమనాలి. ఆక్సిజన్ 3 శాతం, అంతకంటే ఎక్కువ పడితే రిఫర్ చేయాలి. లేవడం ఆపగానే వేలికి పెట్టిన ఆక్సిజన్ మిషన్ తీసేయకండి, తగ్గుదల తర్వాతి నిమిషంలోనే బయటపడుతుంది. గోరుకు రంగున్నా, వేలు చల్లగున్నా అంకె తప్పుతుంది. నల్లటి ఒంటికి అసలు కంటే ఎక్కువ చూపే అవకాశముంది. కూర్చున్నప్పుడే 96 కన్నా తక్కువుంటే, లేదా మర్నాడు కుప్పకూలే రకమైతే ఈ పరీక్ష మీరు చేయొద్దు.

కండ్లు తిరిగేవాళ్లను 5 నిమిషాలు పడుకోబెట్టి నాడి, బీపీ చూడండి. నిలబెట్టి 2, 5, 10 నిమిషాలకు మళ్లీ చూడండి. పక్కన మనిషి ఉండాలి, పడిపోతారు. బీపీ పడకుండానే నాడి నిమిషానికి 30 పెరిగితే రాసి పంపండి. ఈలోగా నీళ్లు ఎక్కువ తాగాలి, మంచం మీంచి మెల్లగా లేవాలి, స్నానం కూర్చుని చేయాలి. ఉప్పు పెంచమనేది మాత్రం డాక్టరు చెప్పాకే. బీపీ, కిడ్నీ జబ్బున్నవాళ్లకు అది ప్రమాదం.

వాసన పోయినవాళ్లకు లవంగం, నిమ్మతొక్క, గులాబీ, నీలగిరి తైలం రోజుకు రెండుసార్లు, ఒక్కోటి 20 సెకన్లు వాసన చూపించాలి, కనీసం 3 నెలలు. మధ్యలో మానేస్తే ఫలితం తెలియదు.

గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తే ఈ నీరసం పోదు. దాంతోపాటు కొన్నిచోట్ల వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో రెండు రోజులు హుషారుగా ఉంటుంది, షుగర్ మాత్రం పెరుగుతుంది. ఏం ఇంజెక్షన్ వేశారో చీటీ అడిగి చూడండి.

ఛాతీలో నొప్పి, ఒక పక్క చెయ్యో కాలో పడిపోవడం, సొమ్మసిల్లడం, కూర్చున్నప్పుడే ఆక్సిజన్ 92 కంటే తగ్గడం: వీటిలో ఏదున్నా కొలతలు, కుర్చీ పరీక్షలు పక్కనపెట్టి 108కి ఫోన్ చేయండి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి పంపేటప్పుడు ఆక్సిజన్, నాడి, బీపీ, వాడుతున్న గోలీల పేర్లు చీటీలో రాసివ్వండి.