గెలీలియోలో మనిషి నిలబడగలడా?

అందరికీ నమస్కారం. ఎదురుగా డిజైన్ విద్యార్థులు కూర్చున్నారు కాబట్టి రాకెట్ సైన్సు జోలికి పోను. 'స్టార్ ట్రెక్' అనే అమెరికన్ అంతరిక్ష టీవీ సీరియల్లో, పెద్ద నౌక నుంచి మనుషుల్ని గ్రహాల మీదికి చేర్చే గెలీలియో అనే చిన్న షటిల్ లోపలికి ఒకసారి తొంగి చూద్దాం.

1966లో సీరియల్ మొదలయ్యేనాటికి షటిల్ సిద్ధంగా లేదు. పెద్ద నౌకను వారం వారం ఒక గ్రహం మీద దించి చూపించాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే మనుషుల్ని ఉన్నచోట మాయం చేసి కింద తేల్చే ట్రాన్స్‌పోర్టర్‌ను కల్పించారు. తర్వాత ఏఎంటీ అనే బొమ్మల కిట్ల కంపెనీ ముందుకొచ్చింది. నౌక మోడళ్లు అమ్ముకునే హక్కు తీసుకుని, బదులుగా షటిల్ తయారుచేయించి ఇచ్చింది. 1967 జనవరి 5న ప్రసారమైన ఎపిసోడ్‌లో అది తెరకెక్కింది.

తిరకాసంతా ఇక్కడే ఉంది. బయట కనిపించే డొల్ల వేరు, లోపలి సెట్ వేరు. లోపల నౌక అధికారి స్పాక్ అంతటి పొడగరి తల వంచకుండా అటూ ఇటూ తిరుగుతాడు. బయటి డొల్ల పక్కన మనిషిని నిలబెట్టి చూడండి, అంత ఎత్తు గది అందులో పట్టే ప్రశ్నే లేదు. నేను దీన్ని తప్పనను. ఏడుగురు ఒకే ఫ్రేములో కనిపించాలి, కెమెరాకి చోటు కావాలి, లైట్లు పడాలి. ఆ కాక్‌పిట్ పైలట్ కోసం గీసింది కాదు, కెమెరామన్ కోసం గీసింది. కానీ సీటు బెల్టులు పెట్టకపోవడం మాత్రం నాకు మింగుడు పడదు. షటిల్ కుదుపులకు అందరూ కుర్చీల్లోంచి ఎగిరిపడతారు, అయినా ఎవరికీ బెల్టు గుర్తుకు రాదు!

ఆ ఎపిసోడ్ కథలో మాత్రం లోపలి భాగాన్ని భలే వాడుకున్నారు. గ్రహం మీద కూలాక మళ్లీ పైకి లేవాలంటే 500 పౌండ్ల బరువు తగ్గించాలి. లేదంటే ముగ్గుర్ని అక్కడే వదిలేసి పోవాలి. దాంతో లోపలున్న ప్రతి సామానూ ప్రాణంతో తూగే వస్తువైపోయింది.

1987లో వచ్చిన కొత్త 'స్టార్ ట్రెక్' సీరియల్‌కి మైకేల్ ఒకుడా అనే డిజైనర్ నౌకల కంట్రోల్ ప్యానెళ్లు గీశాడు. నల్లటి నున్నని అద్దం, వెనక రంగుల ఫిల్ము, దాని వెనక దీపాలు. స్విచ్చులూ నాబ్‌లూ అమర్చడం కన్నా ఇది చాలా చవక. చూడటానికి అద్భుతం. కానీ ఊగిపోతున్న షటిల్లో, కళ్లు కిటికీ మీద ఉండగా, ఆ అద్దం మీద ఏ బటన్ ఎక్కడుందో వేలికి ఎలా తెలుస్తుంది? 2020లో ఇద్దరు వ్యోమగాములతో నిజంగానే ఎగిరిన స్పేస్ఎక్స్ కంపెనీ డ్రాగన్ నౌకలోనూ టచ్ స్క్రీన్లే ఉన్నాయి. అయితే అత్యవసర పనులకు వాటి కింద నొక్కే బటన్లు విడిగా పెట్టారు.

ఇప్పుడు గెలీలియో లోపలి ప్లాన్ తెర మీద వేస్తున్నాను. ఏడు సీట్లున్నాయి. బెల్టులు ఎక్కడ బిగిస్తారో, ఏ బటన్లు అద్దం మీంచి తీసి బయట పెడతారో మీరు చెప్పండి.