రెండు టికెట్ల మధ్య ఒక రాత్రి

[దృశ్యం: సఖినేటిపల్లి రేవు. మోటారు సైకిళ్లు, ఆటోలు, కొబ్బరి బోండాల వ్యాను ఎక్కించుకుని, గోదావరి దాటించే పెద్ద పడవ పంటు నర్సాపురం వైపు కదులుతోంది.]

నమస్కారం. విమానం గురించి చెబుతానని పంటు చూపిస్తున్నాడేమిటి అనుకోకండి. ఈ రేవు దాటి నర్సాపురంలో రైలు ఎక్కే అలవాటున్న వాళ్లకు ఒక సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. పంటు ఆలస్యమైందని రైలు ఆగదు. దాని టికెట్టు దానిది, దీని టికెట్టు దీనిది. చిన్నప్పటి నుంచీ ఇది చూస్తూ పెరిగిన నేను, ఫోనులో చౌక ధర కనబడగానే అదంతా మరిచిపోయాను.

[దృశ్యం: ఫోను తెర మీద రెండు వేర్వేరు టికెట్లు.]

రాజమహేంద్రవరం నుంచి ఒక పెద్ద నగరానికి ఒక సంస్థ విమానం, అక్కడి నుంచి ముందుకు ఇంకో సంస్థ విమానం. విడివిడిగా కొంటే 2,600 రూపాయలు తక్కువ. మధ్యలో దాదాపు మూడు గంటల ఖాళీ. ఇంకేం కావాలి అనుకున్నాను.

మధురపూడి విమానాశ్రయంలోనే మొదటి దెబ్బ తగిలింది. స్నేహితుడి కోసం తీసుకెళుతున్న రెండు కిలోల ఎండు కొబ్బరిని బ్యాగులోంచి తీసేయమన్నారు. ఇది మన కోనసీమ వాళ్లందరూ తెలుసుకోవాల్సిన విషయం. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ. గాలి ఆడని చోట కుక్కి పెడితే దానంతట అదే వేడెక్కి అంటుకునే గుణం ఉంది. అందుకే ప్రమాదకర సరుకుల అంతర్జాతీయ జాబితాలో దానికి 1363 అనే నంబరు కూడా ఉంది. అంబాజీపేట మార్కెట్లో బస్తాల కొద్దీ చూసే సరుకుకు ఇంత చరిత్ర ఉందని నాకు ఆ రోజే తెలిసింది. దింపడానికి వచ్చిన బావ ఇంకా గేటు బయటే ఉన్నాడు కాబట్టి కొబ్బరి క్షేమంగా ఇంటికి చేరింది.

[దృశ్యం: బొమ్మల్లో ఒకే విమానం ఉదయం నుంచి రాత్రి దాకా ఊళ్లు తిరగడం.]

తరవాత మధ్యాహ్నం రెండున్నర విమానం ఆరింటికి బయలుదేరింది. ఎందుకు? చౌక విమానయానం నడిచే తీరే అది. నేల మీద నిలబడిన విమానం రూపాయి సంపాదించదు. అందుకని దిగిన అరగంటలోపే జనాన్ని దించి, శుభ్రం చేసి, మళ్లీ జనాన్ని ఎక్కించి పంపేయాలని చూస్తారు. ఒకే విమానం రోజులో ఐదారు సార్లు ఎగురుతుంది. పొద్దున ఎక్కడో పొగమంచు వల్ల గంట పోయిందంటే, ఆ గంట ప్రతి ఊరికీ వెంట వస్తుంది, దారిలో ఇంకొంచెం పెరుగుతుంది కూడా. తెల్లవారుజామున బయలుదేరే విమానం సాధారణంగా సమయానికి కదలడానికీ, సాయంత్రానిది నీళ్లు నమలడానికీ కారణం ఇదే.

ఆలస్యానికి వాళ్లు ఒక శాండ్‌విచ్, నీళ్ల సీసా ఇచ్చారు. అది దయ కాదు. రెండున్నర గంటల లోపు ప్రయాణమైతే, రెండు గంటలు లేదా అంతకంటే ఎక్కువ ఆలస్యానికి తినడానికి ఇవ్వాలని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధన. రాత్రి 8 నుంచి 3 గంటల మధ్య బయలుదేరాల్సిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే హోటల్ గది కూడా ఇవ్వాలి. తుపాను వంటివి ముంచుకొస్తే మాత్రం నష్టపరిహారం బాధ్యత సంస్థ మీద ఉండదు.

మరి నా సంగతి? రాత్రి 7.40కి ఆ నగరంలో దిగాను. 7 గంటల విమానం వెళ్లిపోయింది. మొదటి సంస్థ నన్ను చేర్చాల్సిన ఊరికి చేర్చింది కాబట్టి దాని పని అయిపోయింది. రెండో సంస్థ లెక్కలో నేను వేళకు రాని ప్రయాణికుణ్ని. రెండూ ఒకే టికెట్టు మీద ఉండి ఉంటే, తరవాతి విమానంలో ఎక్కించే బాధ్యత ఆ టికెట్టు ఇచ్చిన విమాన సంస్థదయ్యేది. విడిగా కొన్నాను కాబట్టి ఆ మధ్య రాత్రికి యజమానిని నేనే. మర్నాటి పొద్దున 5.50 విమానానికి కొత్త టికెట్టు 5,400 రూపాయలు. మిగిల్చింది 2,600 అని మనవి.

[దృశ్యం: రాత్రి, టెర్మినల్ బయట బెంచీలు. లోపలి వెలుగు అద్దాల్లోంచి కనబడుతుంది.]

బ్యాగు తీసుకుని బయటికి వచ్చేస్తే మళ్లీ లోపలికి వెంటనే రానివ్వరు. టికెట్టు, గుర్తింపు కార్డు రెండూ ఉన్నా, విమానానికి కొన్ని గంటల ముందు మాత్రమే వదులుతారు. పదకొండున్నర దాకా బయట దోమలతో గడిపాను. లోపల దోమలు లేవు, చలి ఉంది. మన ఉక్కపోతకు అలవాటు పడిన ఒళ్లు ఆ ఏసీకి గంటలోనే బిగుసుకుపోయింది. కుర్చీల మధ్య కదలని ఇనుప చేతులు, ఎవరూ నడుం వాల్చకుండా. కళ్లు మూతపడే వేళకు నేల తుడిచే యంత్రం బర్రుమంటూ పక్కనుంచి వెళుతుంది.

ఎదురు వరసలో ఒక పెద్దావిడ నేల మీద దుప్పటి పరుచుకుని, బ్యాగు పట్టీ చేతికి చుట్టుకుని పడుకున్నారు. నన్ను చూసి లేచి కూర్చుని, “దుప్పటి తెచ్చుకోలేదా బాబూ?” అన్నారు. మాట వినగానే మన వైపు అని తెలిసిపోయింది. రాజోలు దగ్గర ఒక ఊరు అట. మస్కట్‌లో ఇంటి పనికి పదకొండేళ్లుగా వెళ్లి వస్తున్నారట.

“రెండు టికెట్లు విడిగా తీసుకున్నానండీ, తప్పిపోయింది,” అన్నాను.

“మా ఏజెంటు కూడా మొదట అలాగే తీశాడు. ఒకసారి ఏడ్చాను. అప్పటి నుంచి ఒకే టికెట్టు తీయకపోతే డబ్బివ్వనని చెప్పాను,” అంటూ స్టీలు క్యారియరు విప్పారు.

నేను ఇక్కడ ఇంతసేపు చెప్పింది ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేశారు.

[దృశ్యం: మళ్లీ ఫోను తెర. రెండు టికెట్ల ధరల పక్కన ఖాళీ గడి.]

విడిగా కొనవద్దని నేను అనను. ఇప్పటికీ కొంటాను. కాకపోతే మధ్యలో ఆరేడు గంటలైనా ఉంచుతాను, లేదా ఏకంగా ఒక రాత్రి గది ధర కలిపి చూస్తాను. బ్యాగు బరువు కూడా చూడండి. బ్యాగు లేకుండా అమ్మే చౌక టికెట్లు ఇప్పుడు ఎక్కువయ్యాయి. కౌంటరు దగ్గర కట్టే డబ్బు ముందుగా కట్టే దానికంటే ఎప్పుడూ ఎక్కువే. చేతిసంచిలో సాధారణంగా ఏడు కిలోలే అనుమతి కాబట్టి అందులో మొదట పెట్టేది దుప్పటి.

ఆవిడ పులిహోర సగం నాకు పెట్టారు. రెండున్నరకు మస్కట్ విమానం పిలుపు వచ్చింది. దుప్పటి మడిచి నా ఒళ్లో పడేసి, “అక్కడ నాకు ఇంకోటి ఉందిలే,” అని వెళ్లిపోయారు.

[దృశ్యం: కుర్చీ మీద మడిచిన నీలం గళ్ల దుప్పటి.]