ఇంటి చదువంటే ఇంట్లో స్కూలు పెట్టడం కాదండీ

(విశాఖ బీచ్ రోడ్డు. వెనకాల కురుసుర సబ్‌మెరైన్.)

నమస్తే అండీ. హోమ్ స్కూలింగ్, అంటే పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించడం, మొదలుపెట్టామని ఈ నెలలో ముగ్గురు తల్లులు ఫోన్ చేశారు. ముగ్గురూ ముందు చెప్పింది ఒకటే మాట: బోర్డు కొన్నాం. ఒకావిడైతే గంట కూడా కొన్నారు. గంట! ఇద్దరు పిల్లల కోసం!

ఇంట్లో వండుకోవడమంటే ఇంట్లో హోటల్ పెట్టడం కాదు కదా. హోటల్‌కి వందమంది వస్తారు. ఎవరికేం కావాలో అడుగుతూ కూర్చుంటే పని జరగదు, అందుకే మెనూ, టోకెను. ఇంట్లో తినేది ఇద్దరే. ఆకలేసినప్పుడు పెడతాం, కారం ఎక్కువైందంటే కాస్త నెయ్యి వేస్తాం. నలభై నిమిషాల పీరియడ్ కూడా హోటల్ మెనూ లాంటిదే. ఎదురుగా ఒక్కడే కూర్చుంటే భాగాహారానికి చాలాసార్లు పావుగంట సరిపోతుంది. అర్థం కాలేదా, రేపు మళ్ళీ వండుతాం. హోటల్లో అలా కుదరదు. (నాకు హోటల్ దోశంటే ప్రాణం, అది వేరే సంగతి. స్కూళ్ళ మీద నాకేం కోపం లేదు.)

ఇక మా కింది వాటా పెద్దావిడ భయం: "ఏటమ్మా, గుంటడ్ని బడి మానిపించేసినారా? పోలీసులొస్తారట కదా!" రారు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని అందులో ఉంది. కానీ చేర్పించకపోతే వాళ్ళకు ఫలానా శిక్ష అని రాయలేదు. హోమ్ స్కూలింగ్ అన్న మాటే ఆ చట్టంలో లేదు. అంటే నేరమనీ అనలేదు, ప్రత్యేకంగా అనుమతీ ఇవ్వలేదు. ఈ సంగతి తెలుసుకునే దిగండి.

సరే, మరి ఏం వండాలి? మా వాడు నా వెనకాలున్న ఈ సబ్‌మెరైన్‌ని చూసి, "ఇంత ఇనుము ఎలా తేలిందమ్మా?" అన్నాడు. ఇంటికెళ్ళి బకెట్‌లో స్టీలు గ్లాసు వదిలాం. తేలింది. నీళ్ళు పోశాం, బుడుంగ్. సబ్‌మెరైన్ ట్యాంకుల్లోకి సముద్రపు నీళ్ళు వస్తే మునుగుతుంది, ఒత్తిడితో కుక్కి ఉంచిన గాలితో ఆ నీళ్ళను బయటికి తోస్తే లేస్తుంది. మర్నాడు మళ్ళీ వచ్చాం. దీని పొడవు సుమారు 91 మీటర్లు. వాడి అడుగు అర మీటరు, అంటే 182 అడుగులు రావాలి. 160కే అయిపోయింది! ఎందుకంటారు? సగం దాటాక ఉత్సాహం ఎక్కువై అంగలు పెద్దవి వేశాడు. సగటు అంటే ఏమిటో ఆరోజు నేను చెప్పకుండానే తెలిసింది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002లో మ్యూజియం అయింది కదా, ఎన్నేళ్ళు పనిచేసిందో కూడా వాడే తీసివేత చేశాడు. రోజూ ఇలా జరగదులెండి. కొన్ని రోజులు ఎక్కం దగ్గరే ఏడుపులు, ఇద్దరికీ.

అయ్యో, బ్యాటరీ ఎర్రగా చూపిస్తోంది. గబగబా చెప్పేస్తాను.

హోటల్లో తింటే బిల్లిస్తారు. ఇంట్లో తిన్నవాడికి బిల్లెవరిస్తారు, అంటే సర్టిఫికెట్? బడికి వెళ్ళకుండానే పరీక్ష రాయడానికి ఎన్‌ఐఓఎస్ ఉంది, జాతీయ సార్వత్రిక విద్యాలయం, 1989 నుంచి. మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానంగా ఎ, బి, సి లెవెల్స్ ఉన్నాయి. పదో తరగతికి 14 ఏళ్ళు నిండాలి, ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు. తెలుగులోనూ రాయొచ్చు. మన రాష్ట్ర ఓపెన్ స్కూలు కూడా ఉంది. ఫీజులు, తేదీలు వాళ్ళ వెబ్‌సైట్‌లోనే చూడండి, వాట్సాప్‌లో వచ్చినవి నమ్మకండి.

బడి మానిపించాక మొదటి నెల పుస్తకాల జోలికి వెళ్ళకండి, వాణ్ణి ఊపిరి పీల్చుకోనివ్వండి. తర్వాత రోజుకు రెండు గంటలు చాలు, లెక్కలు మాత్రం వదలొద్దు. చేసినవన్నీ తేదీ వేసి ఒక నోటు పుస్తకంలో రాయండి. సాయంత్రం ఆటకు పంపండి, నలుగురితో కలవడం అక్కడే వస్తుంది.

ఆఁ, టీసీ! బడి వదిలే రోజే తీసుకోండి, రికార్డు షీటు కూడా. తర్వాత వెళ్తే తిప్పుతారు, నన్ను మూడు నెలలు తిప్పా...