ప్యాకెట్ మీద తెలుగు ఎందుకు లేదు?

వేదిక మీది పెద్దలకు, సభలోని అందరికీ నమస్కారం. ఒక్కొక్కరినీ పేరుపేరునా సంబోధించే ఆనవాయితీని పాటిస్తే నాకిచ్చిన అరగంటలో సగం దానికే సరిపోతుంది కనుక ఆ భాగాన్ని వదిలేస్తున్నాను, మన్నించాలి. జాతీయ వినియోగదారుల దినోత్సవం కదా, ఆహార కల్తీ చట్టాల చరిత్ర చెప్పండి అన్నారు నిర్వాహకులు. తప్పకుండా చెబుతాను. అయితే ఆ చట్టాలన్నీ ఎవరు చదువుకోవడానికి రాశారన్న ప్రశ్న నన్ను ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ వెంటాడుతోంది. ఈరోజు దాన్ని మీ ముందు పెట్టడానికే అసలు వచ్చాను.

1860 నాటి భారత శిక్షాస్మృతిలోనే 272, 273 సెక్షన్లు కల్తీని నేరమన్నాయి. ఆరు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా వరకూ శిక్ష ఉండేది. చిక్కేమిటంటే, కలిపిన పదార్థం వల్ల ఆహారం హానికరంగా మారిందని రుజువు చేయాలి. పాలలో మంచినీళ్లు కలిపితే పాలు విషం కావు కాబట్టి పాలవాడు హాయిగా ఇంటికి వెళ్లేవాడు. ఈ లోపాన్ని పూడ్చడానికి రాష్ట్రాల స్థాయిలో చట్టాలు వచ్చాయి; మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కనుక 1918 నాటి మద్రాసు కల్తీ నిరోధక చట్టం మనకు వర్తించింది. స్వాతంత్ర్యం వచ్చాక పార్లమెంటు 1954లో ఆహార కల్తీ నిరోధక చట్టం చేసింది. అది 1955 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది.

ఇక్కడ నెయ్యి సంగతి చెప్పకుండా ముందుకు పోవడం నావల్ల కాదు. 1937లో డాల్డా పేరుతో వనస్పతి, అంటే గడ్డకట్టేలా మార్చిన వంటనూనె, బజారులోకి వచ్చిన దగ్గర్నుంచీ దాన్ని నెయ్యిలో కలిపి అమ్మడం దేశమంతటా పెద్ద రగడ అయింది. చూపుకూ, పూసకట్టే తీరుకూ రెండూ ఒకేలా ఉంటాయి. వాసన సరిపోవాలంటే కాస్త మంచి నెయ్యి కలిపితే చాలు. గాంధీజీ సైతం వనస్పతిని వ్యతిరేకించారు. వనస్పతికి ఏదైనా రంగు వేయాలనీ, అప్పుడు నెయ్యిలో కలిపితే ఇట్టే దొరికిపోతారనీ చాలామంది పట్టుబట్టారు గానీ, వేడికీ వడపోతకూ పోకుండా నిలిచే, తినడానికి పనికొచ్చే రంగు దొరకలేదు. అప్పుడు చేసిన ఏర్పాటు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. వనస్పతి తయారుచేసే ప్రతి కంపెనీ అందులో కనీసం 5 శాతం నువ్వుల నూనె కలిపి తీరాలని నిబంధన పెట్టారు. నువ్వుల నూనెను రసాయన పరీక్షతో పట్టుకోవచ్చు గనుక, నెయ్యిలో నువ్వుల నూనె జాడ కనిపిస్తే వనస్పతి కలిసినట్టే లెక్క.

నేను కెమిస్టుగా ఉన్న ప్రయోగశాలలో ఆ పరీక్ష రోజువారీ పని. కరిగించిన నెయ్యి అయిదు మిల్లీలీటర్లు పరీక్షనాళికలో తీసుకుని, అంతే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, కొద్ది చుక్కల ఫర్ఫ్యూరాల్ ద్రావణం వేసి రెండు నిమిషాలు బలంగా కుదిపి నిలబెడతాం. అడుగున చేరిన ఆమ్లం గులాబీ రంగుకు తిరిగితే అనుమానం మొదలవుతుంది. తరువాత నీళ్లు పోసి మళ్లీ కుదుపుతాం. అప్పటికీ రంగు పోకుండా నిలిస్తే నువ్వుల నూనె ఉన్నట్టే. ఆ గులాబీ రంగును నమ్ముకుని వ్యాపారుల మీద కేసులు నడిచాయి. ఎంత తెలివైన ఏర్పాటో గమనించండి. డబ్బా లోపలి పదార్థం మీదే ప్రభుత్వం ఒక లేబులు రాసిపెట్టింది. కానీ దాన్ని చదవగలిగేది ఆమ్లం సీసా ఉన్నవాడొక్కడే. అంగట్లో నెయ్యి కొన్న ఇల్లాలికి ఆ లేబులు ఎన్నడూ కనిపించలేదు. నా ఫిర్యాదంతా ఇక్కడే మొదలవుతుంది.

తరువాతి దశాబ్దాలను త్వరగా దాటేస్తాను. 1977 నిబంధనలతో ప్యాకెట్ల మీద బరువు, ధర వంటి వివరాలు తప్పనిసరి అయ్యాయి. 2001లో శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు చుక్క వచ్చాయి. రంగులు పోల్చుకోలేనివారి కోసం ఆ రెండోదాన్ని తరువాత త్రికోణంగా మార్చారు. నా దృష్టిలో మన లేబులు చట్టాలన్నింటిలోకీ ఉత్తమమైన పని అదే, ఎందుకంటే దానికి అక్షరజ్ఞానం అవసరం లేదు. ఇక 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు 5న అమలులోకి వచ్చి పాత చట్టం స్థానాన్ని తీసుకుంది. లేబుళ్లకు ప్రత్యేకంగా 2020లో నిబంధనలు చేశారు.

ఇప్పుడు మీరంతా ఒక పని చేయాలి. టీతో పాటు మీకిచ్చిన బిస్కెట్ ప్యాకెట్‌ను వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితా చదవండి. వెనక వరుసలో అమ్మ కళ్లజోడు తీసి మరీ చూస్తున్నారు, చూడండమ్మా, పరవాలేదు. అందులో కలిపిన పదార్థాల పేర్లకు బదులు సంకేత సంఖ్యలుంటాయి; 500 అనే అంకె కనిపిస్తే అది మన వంటింట్లోని తినే సోడాయే, భయపడకండి. అదే వేరే తినుబండారం మీద 102 కనిపిస్తే అది టార్ట్రజీన్ అనే కృత్రిమ పసుపు రంగు. ఈ తేడా ఆ ప్యాకెట్ మీద తెలుగులో ఎక్కడైనా ఉందా? ఉండనక్కర్లేదు. తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలని నిబంధన చెబుతుంది. ఇతర భాషలు అదనంగా వాడుకోవచ్చు, అది కంపెనీ దయ.

దయ మీద ఆధారపడితే ఏమవుతుందో ఓఆర్‌ఎస్ వ్యవహారంలో చూశాం. పిల్లలకు విరేచనాలైనప్పుడు ఇవ్వాల్సిన ఓఆర్‌ఎస్ ద్రావణంలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం. అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయాలను పేరులో ఓఆర్‌ఎస్ అనే అక్షరాలు పెట్టి అమ్మారు. 2022 ఏప్రిల్‌లో వద్దన్న కేంద్ర ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐయే జులైలో, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్‌ఎస్ కాదన్న గమనిక వేస్తే చాలునని అనుమతించింది. ఆ గమనిక తెలుగులో ఉండాలని ఎవరూ అనలేదు. బిడ్డను భుజాన వేసుకుని మందుల షాపు ముందు నిలబడ్డ తల్లి దాన్ని ఏం చదువుతుంది? హైదరాబాదులో చిన్నపిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరు 14న ఆ అనుమతిని వెనక్కి తీసుకున్నారు.

ఒక్క ప్యాకెట్ మీద ఇన్ని భాషలు ఎలా పడతాయని తయారీదారులు అడుగుతారు. చిన్న ప్యాకెట్ విషయంలో అది నిజమైన ఇబ్బందే, కాదనను. కానీ అదే బిస్కెట్ ప్రకటన మన టీవీలో చక్కని తెలుగులో వస్తోంది; అమ్ముకోవడానికి వచ్చిన భాష హెచ్చరించడానికి రాదా? పైగా మన గుంటూరు ఆవకాయ సీసా కెనడా దుకాణంలో పెట్టాలంటే తప్పనిసరి వివరాలు ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచిలోనూ ఉండాలి. క్యూబెక్‌లో ఫ్రెంచి మాట్లాడే వ్యక్తికి మన ఆవకాయలో ఆవాలున్నాయని ఆయన భాషలో చెప్పాలి, గుంటూరులో కొనేవారికి మాత్రం చెప్పనక్కర్లేదు!

అందుకే ఈ సభ తరఫున ఒక తీర్మానం రాసుకొచ్చాను. లేబులు మొత్తం తెలుగులో అచ్చువేయమని ఇందులో అడగడం లేదు. ఆహారం పేరు, వాడాల్సిన గడువు తేదీ, అలర్జీ కలిగించే పదార్థాలు, హెచ్చరికలు, ఈ నాలుగూ ఏ రాష్ట్రంలో అమ్మితే ఆ రాష్ట్ర అధికార భాషలో కూడా ఉండాలని నిబంధన సవరించమంటున్నాం. ప్రతులు ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నాయి. ఒకటి ఢిల్లీలోని నియంత్రణ సంస్థకు, ఒకటి రాష్ట్ర ఆహార భద్రత కమిషనరుకు, ఒకటి మన పార్లమెంటు సభ్యుడికి వెళుతుంది. సంతకంతో పాటు మీరు తెలుగు లేని ప్యాకెట్ ఏదైనా తెచ్చి జతచేస్తే ఇంకా మంచిది. చేతిలో ఉన్న బిస్కెట్ కవరు పారేయకండి.